వైట్ స్పాట్‌కి యాంటీబయాటిక్ వేస్తే ఏమవుతుంది?

ఆక్వా ప్లాంట్‌లో క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ఫార్మా వైపు చూస్తున్నారా? గ్రూప్స్‌కి చదువుతున్నారా? ఎవరినైనా అడగదగ్గ టాపిక్ ఒకటుంది: యాంటీబయాటిక్ నిరోధకత. ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు, కొల్లేరు చుట్టూ ఉన్న చెరువులు చాలు.

ముందు బేసిక్స్. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్ మీద కాదు. వెన్నామి రొయ్యకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బు. మనకొచ్చే మామూలు జలుబూ అంతే. అలాంటప్పుడు మందు వాడితే జబ్బు తగ్గదు సరికదా, చుట్టూ ఉన్న బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. పైగా అవి తమ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్ల ద్వారా పక్క బ్యాక్టీరియాకూ పంచుతాయి. ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

ఇది మార్కెట్ సమస్య కూడా. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే విదేశాల్లో సరుకు తిప్పి పంపేస్తారు. 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ రైతుకీ, ప్లాంట్‌లో పనిచేసేవాళ్లకీ తగులుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఒక్కసారిగా మూర్ఛతో పడిపోయారు గుర్తుందా? ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదా అనుమానాలొచ్చాయి. రోగ లక్షణం చూసి కారణం ఊహించకూడదు, టెస్ట్ చేయాలి. మనిషికైనా, చెరువుకైనా ఇదే రూలు.

మరి నివారణ? చెరువు ఎండగట్టడం, సున్నం వేయడం, పరీక్షించిన సీడ్ కొనడం. మనకైతే శుభ్రమైన నీరు, చేతులు కడుక్కోవడం, టీకాలు. హాస్టల్లో ఫ్రెండ్ దగ్గర మిగిలిన స్ట్రిప్ వేసుకోకండి. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ తప్పనిసరి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం, అందులోని యాంటీబయాటిక్స్ అమ్మకాలను షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి కూడా.

ఇక కెరీర్ సంగతి. మైక్రోబయాలజీ, ఫిషరీస్, ఫార్మసీ వాళ్లు ఎలీసా, ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షలు, హాసప్ పద్ధతి నేర్చుకోండి. తాడేపల్లిగూడెం నిట్ లాంటి చోట చదివే ఇంజినీర్లకు చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు, సరుకు ఏ చెరువుదో చెప్పే ట్రేసబిలిటీ సాఫ్ట్‌వేర్ మంచి ప్రాజెక్టులు. నీళ్ల నాణ్యత ముందే పసిగడితే జబ్బులు తగ్గుతాయి, మందు అవసరమూ తగ్గుతుంది. ఇంటర్వ్యూలో ఈ లింకు చెప్పగలిగితే మీకు సబ్జెక్టుతో పాటు మన ప్రాంతం కూడా తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.