సేఫ్టీ ఎటు మొగ్గాడు?

జట్టుకు ఆరేడుగురితో సరిపెట్టుకుందామంటే జాన్ మాడెన్ ససేమిరా అన్నాడు. అవి 1980ల మధ్య రోజులు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ అమెరికన్ ఫుట్‌బాల్‌ను కంప్యూటర్ తెర మీదికి తేవాలని తంటాలు పడుతున్నాడు. ఆనాటి యంత్రాలకు ఇరవై రెండు మందిని ఒకేసారి పరుగెత్తించే శక్తి లేదు. ఓక్లండ్ రైడర్స్ చేత సూపర్‌బౌల్ గెలిపించిన కోచ్ మాడెన్ మాత్రం జట్టుకు పదకొండు మందీ ఉంటేనే తన పేరు పెట్టుకోమన్నాడు. దాంతో ఆట బయటికి రావడానికి 1988 దాకా పట్టింది.

ఆ పట్టుదల విలువ స్ప్రెడ్ పాసింగ్ ఆడేవారికి బాగా తెలుసు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఒకడు, అతణ్ని కాచే లైన్‌మెన్ ఐదుగురు, పక్కన ఒక రన్నింగ్ బ్యాక్. మిగిలిన నలుగురు రిసీవర్లు 53 గజాల పైచిలుకు వెడల్పున్న మైదానంలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుచుకుంటారు. వాళ్లను కాయాలంటే ప్రత్యర్థులూ చెదరక తప్పదు. చెదిరిన చోటల్లా ఖాళీలు పడతాయి. ఒక్క మనిషి తగ్గినా ఈ లెక్క చెడుతుంది.

మాడెన్ ఎన్ఎఫ్ఎల్‌లోనూ, పదకొండేళ్ల విరామం తర్వాత 2024 జులైలో కాలేజ్ ఫుట్‌బాల్ 25గా తిరిగొచ్చిన గేములోనూ స్ప్రెడ్ ఆడేవాళ్లకు కొంత చెడ్డపేరుంది. నలుగురినీ తిన్నగా ముందుకు పరుగెత్తించి, బంతిని గాల్లోకి లేపి, కంప్యూటర్ తికమకపడే దాకా అదే ప్లే పదే పదే తీస్తారని ఫిర్యాదు. అందులో నిజం ఉంది, అలా ఆడేవాళ్లు ఆన్‌లైన్‌లో తరచూ తగులుతారు. కానీ ఆ గుడ్డి విసురును స్ప్రెడ్ అనడం ఆ పద్ధతికి అన్యాయం చేయడమే.

అందరూ తిట్టే ‘ఫోర్ వర్టికల్స్’నే తీసుకుంటే, బంతి చేతికి రాకముందే ప్రత్యర్థి వెనుక వరసలో లోతుగా కాపలా కాసే సేఫ్టీలు ఎందరున్నారో చూడాలి. మధ్యలో ఒక్కడే ఉంటే, లోపలి రిసీవర్లిద్దరూ అతనికి చెరో పక్క నుంచి దూసుకుపోతారు. ఒక్కడు ఇద్దరిని కాయలేడు. అతను ఎటు మొగ్గితే బంతి దానికి ఎదురు వైపు వెళ్లాలి. ముందే ఒక రిసీవర్‌ను అటు నుంచి ఇటు నడిపిస్తే (దీన్నే మోషన్ అంటారు) ఇంకో రహస్యం బయటపడుతుంది. అతని వెంట ఒక డిఫెండర్ కూడా వచ్చాడంటే మనిషికి మనిషి కాపలా ఉన్నట్టు, ఎవరూ కదలకపోతే ఎవరి జాగా వాళ్లు కాస్తున్నట్టు. కెప్టెన్ ఫీల్డర్‌ను జరపగానే ఎక్కడ సందు పడిందో బ్యాటర్ వెతుక్కోవడం క్రికెట్ చూసే తెలుగువారికి తెలిసిందే. ఇక్కడ ఆ వెతుకులాటకు దొరికేది రెండు మూడు సెకన్లే.

టీవీలో ఏళ్లతరబడి ఫుట్‌బాల్ చూసినవారికీ ఇదంత తేలిగ్గా పట్టుబడదు. కారణం కెమెరా. ప్రసారం మైదానం పక్క నుంచి బంతి వెంటే నడుస్తుంది. లోతుగా నిలబడ్డ సేఫ్టీలు చాలాసార్లు తెర మీదే ఉండరు. గేములో చూపు క్వార్టర్‌బ్యాక్ వెనుక నుంచి, కాస్త ఎత్తు నుంచి సాగుతుంది. అసలు కథ నడిచే వెనుక వరస కళ్లెదుటే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే స్ప్రెడ్ పాసింగ్ నేర్చుకోవడానికి వీడియో గేముకు మించిన బడి సామాన్య అభిమానికి దొరకదు.

ఈ పద్ధతిని దేశమంతా చూసేలా చేసినవారిలో మైక్ లీచ్ ముఖ్యుడు. లా పట్టా ఉండి కూడా కోచింగ్‌నే ఎంచుకున్నాడు. 1989 నుంచి అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో హాల్ మమ్మీతో కలిసి ‘ఎయిర్ రైడ్’ను తీర్చిదిద్దాడు. అందులో ప్లేలు కొద్ది, సాధన ఎక్కువ. దాని గుండెకాయ ‘మెష్’. ఇద్దరు రిసీవర్లు ఎదురెదురుగా వచ్చి, భుజాలు రాసుకునేంత దగ్గరగా ఒకరినొకరు దాటుతారు. వాళ్ల వెంట పడిన డిఫెండర్లు ఒకరికొకరు అడ్డం పడతారు. వచ్చేది ఐదారు గజాలే, కానీ మళ్లీ మళ్లీ వస్తాయి. 2008 నవంబర్ 1న లీచ్ శిక్షణలోని టెక్సాస్ టెక్, నంబర్ వన్ ర్యాంకులో ఉన్న టెక్సాస్‌ను 39-33తో ఓడించింది. మైకేల్ క్రాబ్‌ట్రీ గెలుపు టచ్‌డౌన్ చేసేసరికి మిగిలింది ఒక్క సెకను. 2016లో అదే టెక్సాస్ టెక్ తరఫున ప్యాట్రిక్ మహోమ్స్ ఒకే మ్యాచ్‌లో 734 గజాల పాస్‌లు విసిరాడు, గెలుపు మాత్రం ఓక్లహోమాకు దక్కింది.

గేములో అబ్బిన తెలివి మైదానంలో పనికొస్తుందా? 2009 సెప్టెంబర్‌లో డెన్వర్ ఆటగాడు బ్రాండన్ స్టోక్లీ, వేరొకరి చేతికి తగిలి ఎగిరిన బంతిని అందుకుని గోల్ గీత వైపు పరుగెత్తాడు; ఆ ప్లే మొత్తం 87 గజాలు. గీత దగ్గరికి వచ్చాక వెంటనే దాటలేదు. గడియారంలో సెకన్లు కరిగేలా గీత వెంబడే పక్కకు పరుగెత్తి, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టాడు. వీడియో గేములు ఆడినవారికి చిరపరిచితమైన ఎత్తు అది.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ ఆట పరాయిది కాదు, పిల్లల బడిలోనే ఉంది. కంట్రోలర్ పట్టుకున్న పిల్లవాణ్ని కసిరే ముందు తల్లో తండ్రో పక్కన కూర్చుని, బంతి అటే ఎందుకు వేశావని ఒకసారి అడగాలి. సేఫ్టీ ఎడమకు మొగ్గాడనో, మోషన్ వెంట ఎవరూ రాలేదనో చెబితే వాణ్ని ఇంకో మ్యాచ్ ఆడనివ్వాలి. ఊరికే వేశానంటే, ఆ సాయంత్రానికి ఫోర్ వర్టికల్స్ పక్కన పెట్టి, మెష్‌తో ఐదేసి గజాలు తెచ్చుకోమనాలి.