చీర గుర్తుంది, కాలు గుర్తులేదు

జాకెట్టు కుట్టించుకోవాలంటే టైలరు ముందు మన కొలతలు రాసుకుంటాడు. రెండొందల రూపాయల చెప్పులు కొన్నా, దుకాణంలో నాలుగడుగులు వేసి చూసుకుని గాని డబ్బివ్వం. మరి రెండు మూడు లక్షలు పోసి మోటారు సైకిలు కొనేటప్పుడు కొలతల మాట ఎవరూ ఎత్తరేం? "ఎన్ని సీసీలు? ఎంత స్పీడు?" అని అడిగేవాళ్ళే గాని, "ఎవరి కాలికి?" అని అడిగే పుణ్యాత్ముడు ఒక్కడూ కనపడడు.

నేను చెప్పేది కూరల బజారుకెళ్ళే బండి సంగతి కాదు. అడ్వెంచర్ బండ్లని ఒక రకం ఉన్నాయి చూడండి. ఒంటెల్లా ఎత్తుగా ఉంటాయి. ముందు చక్రం పెద్దది, స్ప్రింగులు పొడుగు, హాండిలు వెడల్పు. తారు రోడ్డైనా, కంకరైనా, ఘాటు రోడ్డైనా, వానాకాలపు బురదైనా రోజుకి రెండు మూడొందల కిలోమీటర్లు పోవడానికని తయారు చేసినవి.

వాటితో నీకేం పని అంటారా? బాధ్యతలు తీరాయి, యాభయ్యో పడి దాటాను, ఇంక నాలుగు ఊళ్ళు బండి మీద తిరగాలని నా సరదా. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాటు, శ్రీశైలం అడవి దారి, అరకు మలుపులు - వీటిని బస్సు కిటికీలోంచి చూసి చూసి విసుగెత్తింది. అదీగాక డబ్బు నాది. అంచేత అడిగే హక్కూ నాదే.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కాలి లోపలి కొలత, అంటే తొడ మొదలు నుంచి మడమ దాకా, 28 అంగుళాలు. ఇక బండ్ల సంగతి చూడండి. 2020లో మన దేశంలోకొచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్ సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 34 అంగుళాలు. 2023లో వచ్చిన హిమాలయన్ 450 సీటు బాగా దించి పెట్టినా 825, అంటే ముప్పై రెండున్నర. 2019 నాటి హీరో ఎక్స్‌పల్స్ 200దీ ఇంచుమించు అంతే. వీటిలో కాస్త దయగలది 2016లో వచ్చిన మొదటి హిమాలయన్. దాని సీటు 800. అదైనా ముప్పై ఒకటిన్నర అంగుళాలు!

మనిషి కూర్చుంటే స్ప్రింగు కొంచెం దిగుతుంది, నిజమే. సీటు ముందు భాగం సన్నగా ఉంటే కాలు ఇంకాస్త అందుతుంది. ఒక పాదం ఆనితే చాలునని అనుభవజ్ఞులు చెప్పేదీ అబద్ధం కాదు. కొన్ని బండ్లకి పొట్టి సీటు విడిగా అమ్ముతారు కూడా. కానీ ఇవన్నీ మనం గుచ్చి గుచ్చి అడిగితేనే బయటికొస్తాయి. అడక్కపోతే "అలవాటైపోతుంది మేడం" అన్న ఒక్క మాటతో సరి.

ఆ మాట నమ్మే మా పినతల్లి కూతురు విశాఖపట్నంలో ఒక ఎత్తు బండి కొంది. పరిగెత్తేటప్పుడు దానికేం ఇబ్బంది లేదు. కాలు అందకపోవడం తెలిసేది ఆగినప్పుడు. ఒకసారి సిగ్నలు దగ్గర, ఇంకోసారి ఏటవాలులో, నిలబడ్డ చోటే బండితో సహా పక్కకి ఒరిగింది. ఇప్పుడా బండి టార్పాలిను కప్పుకుని మెట్ల కింద నిద్రపోతోంది. "ఆడవాళ్ళ వల్ల అయ్యే పనికాదని ముందే చెప్పాను" అంటూ వాళ్ళ మామగారు వచ్చిన చుట్టానికల్లా ఆ టార్పాలిను చూపిస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కొలత తప్పింది బండిది, పేరు పోయింది దానిది!

ఇక బరువు. హిమాలయన్ 450 పెట్రోలుతో కలిపి 196 కిలోలు. మన వంటింటి గ్యాసు బండ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు కదా, అలాంటి ఆరున్నర బండలన్నమాట. ఎక్స్‌పల్స్ 200 అయితే 160 కిలోల లోపు. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167. కంకర దారిలో ఏనాటికైనా బండి పడుతుంది. పడని వాళ్ళు లేరు. పడ్డదాన్ని మనిషి సాయం లేకుండా లేపుకోగలమా అన్నది కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న.

"చిన్న బండి దూరాలు పోదు" అంటారు మా మరిదిగారు. ఫ్రెంచి రచయిత్రి ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ 1972లో పారిస్ నుంచి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ దాకా 750 సీసీ మోటో గూజీ మీద వెళ్ళింది. పెద్ద బండి రుచి చూసిన ఆ మనిషే మరుసటి ఏడు ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి ఎంచుకున్నది చిన్న కవాసాకీ 125. ఆవిడకి చాలింది మన అరకుకి చాలదా?

అలాగని చిన్నదే గొప్పదనీ అనను. పందొమ్మిది అశ్వశక్తి ఉన్న బండి మీద ఇద్దరెక్కి, రెండు పక్కలా సంచులు తగిలించి 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీని దాటబోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఎప్పుడూ ఇద్దరు వెళ్ళేటట్టయితే నలభై అశ్వశక్తి ఉన్న ఆ 450 తరగతే మేలు. ఒంటరిగా వెళ్ళేదానికి, గంటకి ఎనభై చాలనుకునేదానికి 200, 250 సీసీలు బ్రహ్మాండంగా సరిపోతాయి. ఎవరు ఎక్కుతారు, ఎంత సామాను, ఏ దారి - ఈ మూడూ తేలకుండా ఇంజను గురించి వాదించడం, భోజనానికి ఎంతమందో తెలియకుండా ఎసరు పెట్టడమే.

చక్రాలూ అంతే. స్పోకుల చక్రం, 21 అంగుళాల ముందు టైరు రాళ్ళల్లో దెబ్బకి తట్టుకుంటాయి. కానీ మామూలు స్పోకుల చక్రంలో ట్యూబు ఉంటుంది. పంక్చరైతే చక్రం ఊడదీయాలి. ట్యూబులేని టైరుకైతే మేకు పీకి, అక్కడికక్కడే రబ్బరు బిరడా దూర్చి, గాలి కొట్టుకుని బయల్దేరొచ్చు. మన ప్రయాణాల్లో పది పాళ్ళకి తొమ్మిది పాళ్ళు తారు రోడ్డే. లడఖ్ కొండల బొమ్మ చూసి బండి కొనే ముందు, మనం పోయే దారిలో పంక్చరు వేసేవాడూ, ఆ కంపెనీ మెకానిక్కూ ఎన్ని ఊళ్ళకొకడున్నాడో విచారించుకోవడం మంచిది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక ముచ్చట ఉంది. వెనక సీటున్న మోటారు సైకిలుకి పట్టుకునే పిడి ఉండాలి, కాలు పెట్టుకునే చోటుండాలి, కూర్చున్నవాళ్ళ బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం సగమైనా కప్పే అడ్డు ఉండాలి అని. చాలా సంతోషం! ఆ అడ్డుకే లోకం చీర గార్డు అని పేరు పెట్టింది. అంటే ఆడది బండెక్కుతుందని అందరికీ తెలుసు. కాకపోతే ఎక్కేది వెనకే అనుకున్నారు. చీర గుర్తుంది, కాలు గుర్తులేదు.

వెనక కూర్చునే ఇష్టం ఉన్నవాళ్ళకైనా న్యాయం జరుగుతోందా అంటే అదీ లేదు. మొగుడుగారు ముందు కూర్చుని రెండు నిమిషాలు చూసి సంతకం పెట్టేస్తారు. అరచెయ్యంత వెనక సీటు మీద అయిదు గంటలు నడుము పట్టేసేది మనకి. అందుకని ఇద్దరికీ ఒకే మాట చెబుతున్నాను. ప్రయాణంలో వేసుకునే బూట్లే వేసుకుని దుకాణానికి వెళ్ళండి. ఎక్కండి, దిగండి, పక్కకి వంచి నిలబెట్టండి. సెంటరు స్టాండు వేసి తీయండి. వెనక కూర్చునేవారైతే మీరూ కూర్చుని ఊరి బయట గతుకుల దారి దాకా తీసుకెళ్ళమనండి. కుదరదంటే ఇంకో దుకాణం చూసుకోండి; డబ్బు మన చేతిలోనే ఉందిగా!

2018లో జయభారతి నాయకత్వాన నలుగురు ఆడవాళ్ళు హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. అంచేత మన వల్ల అవుతుందా కాదా అన్న చర్చ ఇంకా అనవసరం. కాలికందే బండి ముందు మా చెల్లెలి చేతికివ్వండి. ఆ తర్వాత కూడా అది పడితే, అప్పుడు మామగారు ఏమన్నా వింటాను.