కంతకు తగ్గ బొంత

భిలాయ్‌లో క్వార్టర్ ఖాళీ చేసిన రోజున మా పెద్దమ్మ సంసారం మొత్తం ఒకే లారీలో పట్టింది. బీరువా, మంచాలు, ఇత్తడి బిందెలు, వెంకటేశ్వరస్వామి పటం. ఫ్రిజ్‌కు గీతలు పడకుండా ఓ పాత బొంత చుట్టి తాడు బిగించారు. విశాఖలో సామాను దించాక ఫ్రిజ్ వంటింట్లోకి వెళ్లింది. బొంత గేటు పక్కన చెత్తకుండీ దగ్గరికి వెళ్లింది. అడ్డుపడాల్సిన పెద్దమ్మే, ‘పోనీరా, పాతగుడ్డలే కదా’ అంది. ఆమె గొంతులో బాధ కన్నా సిగ్గు ఎక్కువగా వినిపించింది. బొంతను నేను ఇంటికి తెచ్చుకున్నాను.

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. విశాఖ ఉక్కుకు శంకుస్థాపన జరిగింది 1971లో. అంటే ఇక్కడ పునాదిరాయి పడటానికి పుష్కరకాలం ముందే, ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు అక్కడ కొలిమి రాజుకుంది. పార్వతీపురం, రాయగడ మీదుగా రైలెక్కి వెళ్లినవారిలో మా పెద్దనాన్న ఒకరు. ఆయన వెనకే పెద్దమ్మ, ఆమె వెనకే ఓ సూది.

బొంత కుట్టడం చూడటానికి తేలిక. ముక్కలను ఉతికి, ఆరబెట్టి, దళసరివీ పలచనివీ వేరు చేయాలి. జానెడు చదరాలుగా కత్తిరించి, కొన్నిటిని మూలనుంచి మూలకు కోస్తే త్రికోణాలు వస్తాయి. ముదురు రంగు త్రికోణం పక్కన లేత రంగుది చేర్చి కుడితే మళ్లీ చదరం. అలాంటి చదరాలు వరసగా పేరిస్తే పైపొర సిద్ధం. దాని కింద మూడు నాలుగు పాత చీరలు పరిచి, పొరలు కదలకుండా ముందు పొడుగాటి కుట్లు వేయాలి. ఆ తర్వాతే అసలు పని. ఈ చివర నుంచి ఆ చివరకు, వేలెడు దూరంలో వరస వెంబడి వరస. వెచ్చదనం గుడ్డలో కన్నా పొరల మధ్య చిక్కుకున్న గాలిలో ఎక్కువ ఉంటుంది. ఆ పొరలు జారకుండా చూడటమే కుట్టు పని. అలంకారం దానంతటదే వస్తుంది.

మా పెద్దమ్మ బొంతలో నేత చీర అంచులున్నాయి, పిల్లల స్కూలు చొక్కాలున్నాయి. నడుమ వరసలో ఖాకీ ముక్కలున్నాయి. అవి పెద్దనాన్న ప్లాంటుకు వేసుకెళ్లిన చొక్కాలు. వాటి మీద అక్కడక్కడా చిన్న త్రికోణాలు అతికించి ఉన్నాయి. డిజైన్ అనుకున్నాను. అడిగితే నవ్వింది. ‘డిజైనేటిరా! నిప్పురవ్వలు పడి చిల్లులైపోయేవి. కంతకు తగ్గ బొంత.’ ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతను ఆమె ఎప్పుడూ అలాగే అనేది. కొలిమి దగ్గర పనిచేసేవారికి నూలు బట్టే రక్ష. రవ్వ పడితే నూలు కాలి చిల్లు పడుతుంది. సింథటిక్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఒక్కో చిల్లు ఆయన ఒంటికి తగలకుండా పోయిన ఒక్కో నిప్పురవ్వ. దాన్ని ఆమె లెక్కరాసినట్టు కుట్టిపెట్టింది.

భిలాయ్ లాంటి ఊళ్లో ఈ విద్య ఒక్క తెలుగువారిదే కాదు. పక్క క్వార్టర్ బెంగాలీ ఆమెకు కాంథా, ఎదురింటి బీహారీ ఆమెకు సుజనీ, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెలకు కథరీ. దక్షిణాన ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ మహిళలు తమ కవందికి మూలల్లో రంగు ముక్కలు కుట్టనిదే అది పూర్తయిందని ఒప్పుకోరు. పేర్లు వేరు, పాత చీర ఒకటే.

మనం చెత్తకుండీకి పంపేదాన్ని ఇంకొకరు గోడకు వేలాడదీశారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. నల్లజాతి రైతుల ఊరు. అక్కడ 1942లో మిజోరీ పెట్‌వే అనే ఆమె, చనిపోయిన భర్త పనికి వేసుకున్న బట్టలతో బొంత కుట్టుకుంది, ఆయన్ని తలచుకుంటూ కప్పుకోవడానికి. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శనకెక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. ఆ ఆడవాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. చలికి పిల్లల్ని కప్పారు, అంతే. మా పెద్దమ్మ చేసిందీ అదే. తేడా ఏమిటంటే ఆమె ఇంటికి చుట్టాలొస్తే బొంతను మంచం కిందకు తోసేది.

బొంతను గోడకెక్కించమని నేననను. దాని చోటు మంచం మీదే. కానీ దాన్ని పేదరికానికి గుర్తుగా చూసినన్నాళ్లూ కుట్టేవాళ్లు పుట్టరు. ఓపిక ఉన్నా ఇంకో చిక్కుంది. బొంత బతికేది నూలు మీద. వాడగా వాడగా నూలు మెత్తబడుతుంది, చెమట పీల్చుకుంటుంది, సూదికి లొంగుతుంది. పాలిస్టర్ జారిపోతుంది, చెమట పీల్చదు, ఎంత పాతబడ్డా మెత్తన రాదు. మన బీరువాల్లో నూలు తగ్గేకొద్దీ మనవలకు దక్కే బొంతలు తగ్గుతాయి. ఇంట్లో పాత నూలు చీర, పంచె, చొక్కా ఉంటే స్టీలు గిన్నెలవాడికి వేయకండి. ఉతికి మూట కట్టి ఉంచండి. కుట్టడం వచ్చిన పెద్దవాళ్లుంటే ఈ చలికాలమే పక్కన కూర్చోండి.

తాడు బిగించినచోట మా పెద్దమ్మ బొంత చిరిగింది. అతుకు వేద్దామని బీరువా అంతా వెతికాను. అచ్చమైన నూలుగుడ్డ ఒక్కటీ కనబడలేదు. చివరికి నా గళ్ల లుంగీ బలైంది. కత్తిరించి పెద్దమ్మకు చూపిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ‘కుట్టు వంకరపోయింది. విప్పి మళ్లీ వెయ్యి’ అంది. అప్పుడామె గొంతులో సిగ్గు లేదు.