నెత్తుటి బొట్టులోని ఆనవాలు



ఇల్లు అంటుకొనిన పిమ్మట నుయ్యి త్రవ్వువారిని చూచి మనము నవ్వుదుము. కాని మన దేహముల విషయమున మనము చేయుచున్నది అదియే. పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరును నొప్పి పుట్టకముందే ఒక్క నెత్తుటి బొట్టుతో కనుగొనవచ్చునని యిటీవల పలువురు చెప్పుకొనుచున్నారు. ఇందు నిజమెంతయో, ఆశ యెంతయో ఈ మాసము విచారింతము.

క్యాన్సరు కణములు కొన్ని మాంసకృత్తులను రక్తములోనికి విడుచును. వానినే వ్యాధిచిహ్నము లందురు. 1965వ సంవత్సరమున కెనడా దేశమందలి మాంట్రియలు నగరమున ఫిల్ గోల్డు, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అను వారు సి.ఇ.ఎ. అను చిహ్నమును కనుగొనిరి. 1981లో అండాశయ క్యాన్సరునకు సంబంధించిన సి.ఎ. 125 బయల్పడెను. వ్యాధి తొలిదశలో నుండగా ఇట్టి చిహ్నములు రక్తమున మిక్కిలి స్వల్పముగా నుండును. ఆ స్వల్పమును పట్టుటకే నానో సాధనములను నిర్మించుచున్నారు.

ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. ఇది మనకు బొత్తిగా క్రొత్త కాదు. గర్భము నిలిచినదో లేదో తెలుపు పట్టీమీది ఎఱ్ఱని గీత అనేక రకములందు ఇట్టి సూక్ష్మమగు బంగారు రేణువులచే ఏర్పడునదే. బంగారము అంత చిన్నదైనపుడు పసుపువన్నె విడిచి ఎఱ్ఱనగును.

2005లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చార్లెస్ లీబరు బృందమువారు అతి సన్నని సిలికాను పోగులమీద, ఒక్కొక్క చిహ్నమును ఎఱిగి పట్టుకొను ప్రతిరక్షకములను అమర్చిరి. చిహ్నము వచ్చి అంటుకొనగానే పోగులో పారు విద్యుత్తు మాఱును. ఈగ వ్రాలిన దూలము కదలదు. సాలెపోగు కదలును గదా! సన్నదనము చేసిన మేలు అట్టిది. పలు చిహ్నములను ఒకేసారి వారు గుర్తింపగలిగిరి. అయితే రక్తమందలి లవణములు ఈ విద్యుత్సంకేతమును మఱుగుపఱచును గాన, ముందుగా వానిని తొలగింపవలసి వచ్చెను. ప్రయోగశాల నుండి వైద్యశాలకు పోవు త్రోవలో ఇట్టి యడ్డంకులు పెక్కు కలవు.

అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి యున్నది. చిహ్నము వేఱు, వ్యాధి వేఱు. మాకు తెలిసిన యొక యిల్లాలు తన సి.ఎ. 125 అంకె హద్దు మించినదని కాగితమున చదివి, భర్తకైనను చెప్పక, మూడు వారములు నిద్రాహారములు మాని కుమిలిపోయెను. తుదకు వైద్యురాలు పరీక్షించి, అది ఎండోమెట్రియోసిస్ అను వేఱొక వ్యాధివలన హెచ్చినదని తేల్చెను. ఋతుకాలమందును, గర్భము దాల్చినపుడును ఈ యంకె హెచ్చుట కలదు. క్యాన్సరుండియు హెచ్చకుండుటయు కలదు.

బ్రిటనులో 2001లో మొదలిడి రెండు లక్షలకు పైబడిన స్త్రీలతో ఒక గొప్ప పరిశోధన జరిపిరి. ఏటేట సి.ఎ. 125 పరీక్షించిన వారిలో కొందఱికి వ్యాధి ముందుగానే తెలిసినను, ఆ వ్యాధివలని మరణములు తగ్గలేదని 2021లో ప్రకటించిరి. ఎంత సూక్ష్మమైన సాధనమైనను ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియే యుండును: ముందుగా తెలిసినందున ప్రాణము నిలిచెనా?

కావున, సోదరీమణులారా, ఆ నెత్తుటి బొట్టు పరీక్ష రాగలదని చేతులు ముడుచుకొని కూర్చుండవలదు. వట్టి యంకెను చూచి బెదరవలదు. అంకె బాగున్నదని రొమ్ములోని గడ్డను ఉపేక్షింపనువలదు. మన దేశమున ముప్పది యేండ్లు నిండిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారములను పరీక్షించు ప్రభుత్వ కార్యక్రమము కలదు. సిగ్గుచేతనో, తీరికలేమిచేతనో దానిని విడుచువారము మనమే. ఈ మాసము మేము మా వదినగారిని వెంటబెట్టుకొని పోవ నిశ్చయించితిమి. మీరును మీ యింటి స్త్రీలలో ఒకరిని తోడు తీసికొని పొండు.