గింజకు చెప్పిన తేమ పాఠం చెక్కకూ చెప్పాలి

కృష్ణా డెల్టాలో వరి కోతలు మొదలైన నాటి నుండి మన విస్తరణ శాస్త్రవేత్తల నోట ఎక్కువగా వినిపించే మాట తేమ శాతం. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతానికి మించరాదనీ, నిల్వకు 12–13 శాతానికి దించాలనీ, మండుటెండలో ఒక్కసారిగా ఆరబెడితే గింజలో పగుళ్లు ఏర్పడి మరలో నూక పెరుగుతుందనీ రైతుకు ఏటా చెబుతున్నాం. అదే రైతు ఇంట తరతరాలుగా ఉన్న టేకు భోషాణం, పందిరి మంచం, ఉయ్యాల బల్ల, పడక కుర్చీల గురించి మాత్రం ఒక్క మాటయినా చెప్పడం లేదు. చెక్క కూడా గింజ వలెనే గాలిలోని తేమను పీల్చుకొని, విడిచే పదార్థం. కనుక ఇది మన శాస్త్ర పరిధికి వెలుపలి విషయం కాదని నా అభిప్రాయం.

ఈ మాట అనే అర్హత నాకు నా పొరపాటు వల్లనే వచ్చింది. స్వగ్రామంలోని మండువా ఇంటిలో మూడు తరాల పాటు చెక్కుచెదరని మా తాతగారి భోషాణాన్ని కొన్నేళ్ల క్రితం విజయవాడలోని ఫ్లాటుకు తెచ్చి, ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉంచాను. మొదటి వేసవి ముగిసేలోగా మూత పలక నిలువునా చీలింది. అన్ని వానాకాలాల చెమ్మను తట్టుకున్న చెక్క చల్లని గదిలో చీలిపోవడం, గింజ పగుళ్ల మీద పాఠం చెప్పే నాకు సిగ్గు కలిగించింది.

కారణం స్పష్టమే. సుమారు 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలోని తేమ 15–16 శాతం వద్ద నిలకడ చెందుతుంది. గాలి తేమ 50 శాతానికి దిగితే చెక్క తేమ 9 శాతానికి చేరుతుంది. ఈ మార్పుకు చెక్క నిడివి దాదాపు మారదు, వెడల్పు మారుతుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు గల టేకు పలక, కోసిన తీరును బట్టి, 6–7 మిల్లీమీటర్ల వరకు కుంచించుకుపోవచ్చు. అంచులను మేకులతోనో జిగురుతోనో బిగించి ఉంటే పలకకు కదిలే చోటు లేక చీలుతుంది. పాతకాలపు వడ్రంగులు చట్రపు గాడిలో పలకను జిగురు పెట్టకుండా వదులుగా అమర్చడంలోని మర్మం ఇదే. మరమ్మతు పేరుతో ఆ వదులును మేకులతో బిగించడం నేటి సాధారణ తప్పిదం.

ఇక ఎంత తేమ ఉండాలన్నది ప్రశ్న. మ్యూజియం వస్తువులకు 40–60 శాతం గాలి తేమ, రోజుకు 10 శాతానికి మించని హెచ్చుతగ్గులు ఉండాలని 2014లో అంతర్జాతీయ పరిరక్షణ సంస్థలు సూచించాయి. ఆ అంకెను డెల్టాలోని ఇంటికి అంటగట్టడం సరికాదు. వస్తువు దీర్ఘకాలం ఏ వాతావరణానికి అలవాటు పడిందో దానిని బట్టే పరిమితులు నిర్ణయించాలని 2010 నాటి ఐరోపా ప్రమాణం ఒకటి చెబుతోంది. మనకు తగిన సూత్రం ఇదే. వందేళ్లుగా ఉక్కపోతలో ఉన్న భోషాణానికి హాని చేసేది ఉక్కపోత కంటే, రాత్రి నడిచి పగలు ఆగే ఏసీ తెచ్చే ఆకస్మిక మార్పు. అయితే చెక్క తేమ 20 శాతం దాటి నిలిచిపోతే కుళ్లు తెగులు సోకుతుంది గనుక చెమ్మను ఉపేక్షించమని నా ఉద్దేశం కాదు.

ఇంటింటా చెప్పదగిన జాగ్రత్తలు కొన్నే. సామానును గోడకు జానెడు దూరంలో ఉంచాలి. ఏసీ గాలి, కిటికీ ఎండ నేరుగా తగలనీయరాదు. కోళ్ల కొసలు నీటిని వేగంగా పీలుస్తాయి కనుక వాటి అడుగున మైనం పట్టించి, తడిగుడ్డ పెట్టే నేలకు ఎత్తుగా నిలపాలి. వార్నిష్ తేమను ఆపదు, నెమ్మదింపజేస్తుంది. ఒక వైపే పూస్తే పలక వంగుతుంది గనుక రెండు వైపులా పూయాలి. గదిలో చిన్న తేమమాపకం ఉంచి మార్పులను గమనించాలి.

వరద వచ్చినప్పుడు ఈ జ్ఞానం మరింత అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. నీరు తీసిన తరువాత తడిసిన బీరువాను ఎండలో పెట్టడం ఎవరికైనా తోచే పనే, కానీ అదే దానిని చీలుస్తుంది. బురదను మంచినీటితో కడిగి, ఉబ్బిన సొరుగులను బలవంతంగా లాగకుండా, గాలి ఆడే నీడలో వారాల తరబడి ఆరనివ్వాలి. సొరుగు తేలికగా వెలుపలికి వచ్చిన పిమ్మట వారానికొకసారి తూచాలి. బరువు తగ్గడం ఆగిన తరువాతనే మరమ్మతు, రంగు. ధాన్యం తేమమాపకం చెక్కకు పనికిరాదు కానీ, తూకం ఎవరికైనా అందుబాటులో ఉంటుంది.

కౌలు రైతుకు గిట్టుబాటు ధరే లేనప్పుడు భోషాణాల ప్రస్తావన ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పంట సలహాను పక్కన పెట్టమని నేను కోరడం లేదు. వరద అనంతర సూచనల కరపత్రంలో నాలుగు వాక్యాలు చేర్చమని కోరుతున్నాను. టేకు చెట్టు బాగా చేవదేరడానికి యాభై, అరవై ఏళ్లు పడుతుంది. చీలిన సామాను కారుచౌకగా చేజారితే ఆ కుటుంబం అటువంటి కలపను తిరిగి కొనడం కష్టం.

ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాలు గృహ విజ్ఞాన కార్యక్రమాలలో ఈ అంశాన్ని చేర్చవచ్చు. ఒక మండువా ఇంటిలోను, ఒక ఏసీ ఫ్లాటులోను ఏడాది పాటు గాలి తేమను, ఒకే రకం టేకు పలకల వెడల్పును నమోదు చేయడం స్నాతకోత్తర విద్యార్థికి చక్కని పరిశోధనాంశం. స్థానిక అంకెలు మన చేతికి వస్తేనే స్థానిక సిఫారసు సాధ్యమవుతుంది. ఆసక్తి గల విద్యార్థి ఎవరైనా ముందుకు వస్తే, మొదటి కొలతకు మా చీలిన భోషాణం సిద్ధంగా ఉంది.