పిల్లకే కాదు, పిల్లికీ వైద్యం

ఎనిమిదేళ్ల పాప బుగ్గ మీద గుండ్రటి మచ్చ. అంచు ఎర్రగా పొలుసులు కట్టింది, ఒకటే దురద. మూడు నెలలుగా ఇదే వరస. మందు రాస్తే తగ్గుతుంది, మానేస్తే తిరగబెడుతుంది. ఇంట్లో ఏమైనా పెంచుతున్నారా అని అడిగితే అప్పుడు చెప్పింది తల్లి. పిల్లికూన ఉందట, పాప పక్కలోనే పడుకుంటుందట. దాని చెవి దగ్గర కాస్త బొచ్చు ఊడిందట.

అది తామర. మైక్రోస్పోరమ్ కానిస్ అనే ఫంగస్ పిల్లులు, కుక్కల నుంచి మనుషులకు అంటుకుంటుంది. కొన్ని పిల్లులకు పైకి ఏ మచ్చా కనిపించదు. రాలిన వెంట్రుకల్లో ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికే ఉంటాయి. పాపకు ఎంత మంచి మందు ఇచ్చినా, పిల్లికి వైద్యం జరగకపోతే జబ్బు మళ్లీ అంటుకోవచ్చు.

కుక్కలకు వచ్చే గజ్జి వేరు. చెవి అంచులు, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి, అది ఆగకుండా గోక్కుంటుంది. ఎత్తుకున్నవారికి చేతులు, పొట్ట మీద దురద పొక్కులు వస్తాయి. ఆ పురుగు మన చర్మంపై సంతతి పెంచుకోలేదు. కుక్కకు నయమైతే సాధారణంగా మన పొక్కులూ తగ్గిపోతాయి.

రెండు పొరపాట్లు చేయొద్దు. మొదటిది, మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ కలిసిన క్రీము రాయడం. దురద ఆగుతుంది కానీ ఫంగస్ పాకుతూనే ఉంటుంది. మచ్చ రూపు మారి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. రెండోది, మన మందు జంతువుకు పూయడం. మనుషుల గజ్జికి వాడే పర్మెత్రిన్ పిల్లులకు విషం.

పశువైద్యుడికి చూపించి, ఇంట్లో ఉన్న మిగతా జంతువులనూ పరీక్ష చేయించండి. ఆయన చెప్పినన్నాళ్లూ మందు వాడండి. అప్పటిదాకా దాన్ని పిల్లల పక్కలోకి రానివ్వకండి. దుప్పట్లు తరచూ ఉతకండి, రాలిన బొచ్చు రోజూ తీసేయండి. పిల్లల తలలో తామర వస్తే పైపూత చాలదు, మింగే మందు కావాలి.

అలాగని ప్రతి తామరకూ పిల్లిని దోషిని చేసి వీధిలో వదిలేయకండి. మన దగ్గర తామర ఎక్కువగా మనిషి నుంచి మనిషికే వస్తోంది. ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడటం అందుకు ఒక కారణం.

ఇందులో మా తప్పూ ఉంది. రద్దీ ఓపీలో మచ్చ చూసి మందు రాస్తాం, ఇంట్లో జంతువు ఉందా అని అడగం. మేం అడగకపోతే మీరే చెప్పండి.