పేరు ఆమెది, చిరునామా ఎవరిది?

విదేశానికి వెళ్ళే ఆడమనిషి వీసా కాగితం మీద పేరు ఆమెదే ఉంటుంది. చిరునామా మాత్రం మరొకరిది. దరఖాస్తు నింపేది ఒకరు, పంపేది ఇంకొకరు, వచ్చిన కవరు అందుకునేది వేరొకరు. ఆమె చేయవలసిందల్లా చూపించిన చోట సంతకం పెట్టడం, చెప్పిన రోజున విమానం ఎక్కడం.

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో స్త్రీల సమస్యల మీద తిరుగుతూ నేను ఇలాంటి కాగితాలు రెండు రకాలు చూశాను. ఒకటి గుడివాడ వైపు నుంచి అమెరికా వెళ్ళే కోడళ్ళ వీసా. రెండోది దివిసీమ వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళేవాళ్ళ వీసా. మొదటిది వస్తే ఊళ్ళో స్వీట్లు పంచుతారు. రెండోది వస్తే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఈ ఇద్దరినీ ఒకే వ్యాసంలో పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. కులం వేరు, ఆస్తి వేరు, చదువు వేరు. నిజమే. కానీ ఆ కాగితం తయారయ్యే పద్ధతిని చూస్తే ఇద్దరి పరిస్థితీ ఒకటే. తన ప్రయాణాన్ని నిర్ణయించే కాగితం మీద ఇద్దరికీ అధికారం లేదు.

ముందు దివిసీమ సంగతి చూద్దాం. నాగాయలంక, కోడూరు వైపు వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. నాట్లు, కలుపు, కోతలు ఆడవాళ్ళ పనులు. చెరువుకు ఆ పనులు అక్కర్లేదు. ఇద్దరు మగవాళ్ళు కాపలా ఉంటే చాలు. చెరువు తవ్వినవాడికి సబ్సిడీ గురించి ప్రభుత్వం ఆలోచించింది. కూలి పోయిన ఆడమనిషి గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆమె ఆలోచన ఆమే చేసుకుంది. కువైట్, మస్కట్, దుబాయ్.

ఇంటిపని వీసాకు దరఖాస్తు పెట్టేది పనిమనిషి కాదు. అక్కడి యజమాని, అంటే కఫీల్. అతను తన దేశంలో అనుమతి తీసుకుని, మంజూరైన కాగితాన్ని ఇక్కడి ఏజెంటుకు పంపుతాడు. ఒకప్పుడు అది పోస్టులో వచ్చేది, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వస్తుంది. మారింది అంతే. నేను మాట్లాడిన ఆడవాళ్ళలో చాలామందికి ఆ కాగితం మొదటిసారి చేతికి వచ్చింది విమానాశ్రయం గేటు దగ్గర. అందులో ఉన్నది అరబ్బీ, ఇంగ్లీషు. జీతం ఎంత, ఏ ఇల్లు, ఇంట్లో ఎందరు, అది పని వీసానా, ఊరికే చూసి రావడానికిచ్చే విజిట్ వీసానా అని అక్కడ నిలబడి ఎవరిని అడుగుతుంది? ఏజెంటు కాగితాన్ని జేబులో దాచుకోవడం మతిమరుపు వల్ల కాదు. కాగితం అతని దగ్గర ఉన్నంతకాలం ఇంకో పదివేలు అడగవచ్చు. ఆమె దాన్ని ఇంకొకరికి చూపించి నిజం తెలుసుకునే వీలుండదు.

దీనికి మన ప్రభుత్వం చెప్పే మందు ఏమిటి? వెళ్ళకుండా ఆపడం. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసవని వాళ్ళు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాలి. అది ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఉన్నదే. ఆడవాళ్ళకు అదనంగా ఇంకో షరతు పెట్టారు. ముప్పై ఏళ్ళు నిండాలి. 2016లో మరో నిబంధన వచ్చింది. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్న స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి అని. మన రాష్ట్రంలో ఆ బాధ్యత ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థది.

వినడానికి బాగానే ఉంది. నాగాయలంకలో ఉన్న ఆడమనిషిని అడగండి, ఓంక్యాప్ అంటే ఏమిటని. ఏజెంటు పేరు అడగండి, ఇల్లు కూడా చూపిస్తుంది. ప్రభుత్వ తలుపు ఎక్కడుందో తెలియనప్పుడు మిగతా తలుపులన్నీ మూస్తే జరిగేది ఒక్కటే. దొడ్డిదారి రేటు పెరుగుతుంది. ఇరవై ఆరేళ్ళ మనిషికి ముప్పై రెండేళ్ళని కాగితం పుట్టిస్తారు. లేదంటే విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. క్లియరెన్సు లేకుండా వెళ్ళిన మనిషికి దానితోపాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, ఎక్కడా నమోదైన ఒప్పందం ఉండదు. రేపు అక్కడ ఏదైనా జరిగితే, తప్పుడు కాగితం మీద వెళ్ళావు కదా అని నేరం ఆమె మీదే పడుతుంది. రక్షణ పేరుతో పెట్టిన నియమం ఆమెను రక్షణ లేని దారిలోకి నెట్టింది. ఓటుకు పద్దెనిమిదేళ్ళు చాలు. పెళ్ళికి పద్దెనిమిదేళ్ళు చాలు. కష్టం చేసి బతకడానికి మాత్రం ముప్పై ఏళ్ళు రావాలట!

ఇక గుడివాడ వైపు. అమెరికా సంబంధం కోసం పొలాలు అమ్మిన ఇళ్ళు మనకు కొత్తకాదు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అల్లుడి హెచ్‌-1 వీసాకు కట్నంలో ప్రత్యేకంగా రేటు కట్టిన ఘనత మాత్రం ఆ తర్వాతి తరానిది. పిల్లకు వచ్చేది హెచ్‌-4, ఆధారపడిన వ్యక్తి వీసా. ఆ మాట ఎంత నిజమో కాగితాలు చూస్తే తెలుస్తుంది. భర్త కంపెనీ కాగితాల నకళ్ళు అక్కడినుంచి రావాలి. దరఖాస్తు కంప్యూటర్లో నింపేది చాలాసార్లు భర్తే. ఖాతా అతని ఈమెయిల్ మీద, పాస్‌వర్డ్ అతని దగ్గర. పాస్‌పోర్టు తిరిగొచ్చే చిరునామా అత్తగారిది. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచేదాకా మనవాళ్ళు మద్రాసు వెళ్ళేవాళ్ళు. తర్వాత కొన్నేళ్ళు కొన్ని తరగతులవారు ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పంపితే సరిపోయేది. 2025 సెప్టెంబరు నుంచి ఆ వెసులుబాటును బాగా కుదించారు. ఇంటర్వ్యూ ఉన్నా, లేకపోయినా, కాగితాల కట్ట ఎవరి చేతిలో ఉందన్నదే నా ప్రశ్న.

ఎంబీఏ చదివిన పిల్లకు ఇవన్నీ తెలియవా అంటారు. తెలియక కాదు, అడగనివ్వరు. అడిగితే నమ్మకం లేదా అంటారు. మొగుడి మీద నమ్మకానికి, సొంత పాస్‌పోర్టు తన బీరువాలో ఉండటానికి సంబంధం ఏమిటి? అక్కడికి వెళ్ళాక ఉద్యోగం చేసుకునే హక్కు ఉందా? 2015 మే నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే కొందరికి ఆ వీలు కలిగింది. హింసకు గురైన భార్యలకు విడిగా పని అనుమతి ఇచ్చే నిబంధనను అమెరికా 2006లోనే చట్టంలో చేర్చింది. దానికి దరఖాస్తు ఫారం రావడానికి 2017 దాకా పట్టింది. సెలవులకని ఇండియా తీసుకొచ్చి, పాస్‌పోర్టు తీసుకుని తనొక్కడే తిరిగి వెళ్ళిపోయిన భర్తల కథలు మనలో ఎవరు వినలేదు?

పోస్టులో వచ్చేది ఎప్పుడూ వీసాయే కాదు. నీరజా సరాఫ్ కేసు గుర్తు చేసుకోండి. 1989లో పెళ్ళి. కొద్ది రోజులకే భర్త అమెరికా వెళ్ళాడు. వచ్చేయమని ఉత్తరాలు రాశాడు. ఆమె ఉద్యోగానికి రాజీనామా చేసింది. చివరికి చేతికొచ్చినవి ఆ పెళ్ళిని రద్దు చేయమని అక్కడి కోర్టులో వేసిన కాగితాలు. ఇలాంటి పెళ్ళిళ్ళను విదేశీ కోర్టులు రద్దు చేయకుండా చట్టం తేవాలని 1994లో సుప్రీంకోర్టు సూచించింది.

అంతకుముందే మన తెలుగు ఆడపడుచు ఒకామె ఆ దారి తొక్కింది. వెంకటలక్ష్మి పెళ్ళి 1975లో తిరుపతిలో జరిగింది. భర్త నరసింహారావు అమెరికాలో మిస్సోరీ కోర్టులో విడాకుల పిటిషను వేశాడు. ఆమె ఇక్కడినుంచే తన అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. 1980లో ఆమె లేకుండానే అక్కడ విడాకులు ఇచ్చారు. 1981లో అతను యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. చీరాల కోర్టులో రెండో పెళ్ళి నేరం కింద కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1991లో ఆ అమెరికా విడాకులు ఇక్కడ చెల్లవని తీర్పు వచ్చింది. ఈ రోజు దేశమంతా లాయర్లు ఉదహరించే తీర్పు అది. దాని వెనక ఉన్నది, వచ్చిన కాగితాన్ని చదివి, జవాబు రాసిన ఒక ఆడమనిషి.

1994 సూచన ఏమైంది? ప్రవాసుల పెళ్ళిళ్ళ నమోదు బిల్లును 2019లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని చెప్పింది. పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేయాలన్న మాటను మనం బలపరచాలి. కానీ అదే నివేదిక భార్యాభర్తల పాస్‌పోర్టులను ఒకదానితో ఒకటి జత చేయమంది. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్టుకు పెళ్ళి సర్టిఫికెట్టు అక్కర్లేదని, విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయనవసరం లేదని 2016 డిసెంబరులో నిబంధనలు మారాయి. ఎన్నో ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఒంటరి స్త్రీలకు అది పెద్ద ఊరట. మోసగాడిని పట్టుకునే పేరుతో ఆమె కాగితాన్ని మళ్ళీ అతని కాగితానికి కట్టేస్తే ఒప్పుకోకూడదు.

ఏజెంటు లేకపోతే పేదవాళ్ళు వెళ్ళేదెలా అని మన కార్యకర్తలే కొందరు అడుగుతారు. పంపవద్దని నేను అనడం లేదు. వెళ్ళడం ఆమె హక్కు. ఏ కాగితం మీద వెళుతోందో తెలుసుకోవడం కూడా ఆమె హక్కే. అక్కడి చట్టాలు కూడా పూర్తిగా ఖాళీగా లేవు. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటిపనివారికి వారానికి ఒక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అని చెప్పింది. యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదని కూడా చెప్పింది. ఆ సంగతి నాగాయలంకలో విమానం ఎక్కేవాళ్ళకు ఎవరు చెప్పారు?

అందుకే మనం అడగవలసినవి ఇవి. వీసా నకలు, తెలుగులో పని ఒప్పందం ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందు ఆ స్త్రీ చేతికే ఇవ్వాలి. ముప్పై ఏళ్ళ నిబంధన ఎత్తివేయాలి. ఓంక్యాప్ మనుషులు నెలకొకసారైనా అవనిగడ్డ, బందరు, గుడివాడల్లో కూర్చుని దరఖాస్తులు తీసుకోవాలి. ప్రవాసుల పెళ్ళిళ్ళ చట్టం రావాలి, స్త్రీ పాస్‌పోర్టు స్వతంత్రంగా ఉండాలి.

ప్రభుత్వం వినేదాకా ఆగనక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. ప్రతి మహిళా సంఘం ఒక ఫైలు పెట్టాలి. వెళ్ళే ప్రతి మనిషి పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, అక్కడి చిరునామా నకళ్ళు ఆమె అనుమతితో అందులో ఉండాలి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసి చెప్పాలి. పెళ్ళి కుదిరిన పిల్లకు దరఖాస్తు ఖాతా తన సొంత ఈమెయిల్ మీద తెరవడం నేర్పాలి. పాస్‌పోర్టు స్పీడ్‌పోస్టులో వచ్చే రోజున సంతకం పెట్టి తీసుకునేది ఆమే కావాలి.

దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాలు మూయించారు. మన సంఘాల్లో వేలిముద్రలు పోయి సంతకాలు వచ్చి చాలా కాలమైంది. ఇక చదవకుండా సంతకం పెట్టేది లేదని మన సంఘాలు తీర్మానం చేయాలి. వచ్చే సమావేశంలో చర్చకు మొదటి అంశంగా దీన్నే పెట్టాలని కోరుతున్నాను.